అన్నపు కొండ మీది మిరపకాయ

మార్గియోనోకి లోకంలో ఎవరి మీదా పగ లేదు. పగలు పెట్టుకునేవాళ్ళంటే ఆయనకి చిన్నచూపు కూడా. ఆయనకున్నదల్లా పోనిమిన్ మీద అసూయ. అది అప్పుడప్పుడూ వచ్చిపోయే పడిశంలాంటిది కాదు. ఇల్లులాగా, పొలంలాగా, ఇండోనేషియాలో మెర్బాబు కొండవాలు మీద ఆయన పేరున ఉన్న స్థిరాస్తి. రోజూ పొద్దున్నే లేచి దాని బాగోగులు చూసుకున్నాకే ఆయన మిగతా పనులు మొదలుపెట్టేవాడు.

ఇద్దరూ తెగల్‌వుంగు అనే ఆ ఊళ్ళోనే, ఒకే వానాకాలంలో పుట్టారు. మార్గియోనో కొద్దివారాలు ముందు. పోనిమిన్ మీద ఆయన సాధించిన మొదటి విజయం ఇది. చాలాకాలంపాటు చివరిది కూడా ఇదే. ఆ కాసిన్ని వారాల పెద్దరికం వల్ల పోనిమిన్ ఆయన్ని "కాంగ్" అని, అంటే అన్నా అని పిలవాలి. పిలిచేవాడు. ఎంత మర్యాదగా పిలిచేవాడంటే, ఆ పిలుపులో ఎక్కడైనా వెటకారం దొరుకుతుందేమోనని మార్గియోనో నలభై ఏళ్ళుగా వెతుకుతున్నాడు. దొరకలేదు. అదే ఆయన బాధ.

సున్తీలు కూడా ఇద్దరికీ ఒకే ఏడు జరిగాయి. మార్గియోనో ఇంట్లో వేడుకకి టేపురికార్డరులో గమెలాన్ వాయిద్యం వేశారు. పోనిమిన్ ఇంటి ముందుకి వెదురు గుర్రాల ఆటగాళ్ళు వచ్చారు. పూనకం పూని గాజుపెంకులు కరకరా నమిలారు. మార్గియోనో మంచం చుట్టూ కూర్చుని అయ్యో పాపం అనవలసిన బంధువులంతా గాజుపెంకులు చూడటానికి వెళ్ళిపోయారు. పుండు వారానికి మానింది. రెండోది మానలేదు.

కానీ పెద్దయ్యాక మార్గియోనోకి ఒక రంగం దొరికింది. మిరప. ఆయన చెయ్యి మిరపకి అచ్చొచ్చిన చెయ్యి. ఇందులో అబద్ధం లేదు. ఏ కొమ్మ తుంచాలో, ఏ కొమ్మ ఉంచాలో, పుల్లకి తీగ ఎంత వదులుగా కట్టాలో ఆయన వేళ్ళకి తెలుసు. పైగా ఆ రోజుల్లో పోనిమిన్ ఊళ్ళో లేడు. సెమరాంగ్ పట్నంలో తోఫూ కార్ఖానాలో సోయా గింజలు నానబోసుకుంటున్నాడు. ఆ కాలం మార్గియోనో జీవితంలో స్వర్ణయుగం.

ఆ ఊళ్ళో సాపర్ నెల పండగకి అందరూ కలిసి అన్నంతో పెద్ద కొండ కడతారు. పసుపన్నం, ఎత్తుగా, శిఖరంలా. చుట్టూ గుడ్లు, సోయా గింజల టెంపే వేపుడు, కూరలు. శిఖరం మీద ఒక్కటంటే ఒక్క ఎర్ర మిరపకాయ. ఆ కాయ ఎవరి చేలోంచి రావాలో పండగ ముందురోజు కర్సియెమ్ అవ్వ చెప్తుంది. ఆవిడ కర్ర పట్టుకుని పొలాలన్నీ తిరిగి, చెట్టు మీదున్న కాయనే చూపిస్తుంది. మర్నాడు ఆ కాయ పెట్టినవాడు నలుగురిలో నిలబడి, ఇది ఎలా పండిందో నాలుగు మాటలు చెప్పి, తన చేత్తో శిఖరం మీద గుచ్చాలి. ఇండోనేషియాలో అధ్యక్ష పదవి ఉంది, మంత్రి పదవులున్నాయి, సైన్యాధ్యక్షులున్నారు. తెగల్‌వుంగు వాళ్ళకి అవన్నీ తెలుసు. కానీ ఎవరింట్లోనైనా ఆడపిల్ల, "మా నాన్నది ఈ ఏడు పైన కాయ" అందంటే ఆ గొంతు వేరేగా ఉండేది.

ఏళ్ళ తరబడి ఆ కాయ మార్గియోనోది. తర్వాత రెండు విపత్తులు ఒకేసారి వచ్చాయి. ఒకటి ఎండు తెగులు. పొద్దున పచ్చగా ఉన్న చెట్టు మధ్యాహ్నానికి మూసిన గొడుగులా వేలాడేది. సాయంత్రం కాస్త లేచినట్టు లేచి, నాలుగు రోజుల్లో నిలువునా పోయేది. రెండో విపత్తు పోనిమిన్. వాళ్ళ నాన్న పోయాక తిరిగొచ్చి, మార్గియోనో పొలానికి సరిగ్గా దిగువన, ఒక్క గట్టు తేడాలో, మిరప పెట్టాడు. తెగులు ఊరంతా తిరిగింది. అతని చేలో మాత్రం చుట్టపుచూపుగా రెండు చెట్లు చూసుకుని వెళ్ళిపోయింది. పోయిన సాపర్‌లో అన్నపు కొండ మీద కాయ పోనిమిన్‌ది.

ఆ రోజు మార్గియోనో అన్నం తిన్నాడు. అందరికంటే ఎక్కువే తిన్నాడు. ఆ పండగకి ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ తినాలి, వద్దంటే అవమానం. పోనిమిన్ ఇంట్లో కూడా తిన్నాడు, మారు వడ్డించుకున్నాడు, సాంబల్ పచ్చడి బ్రహ్మాండంగా ఉందన్నాడు. ఇంటికొచ్చాక ఆయనకి కడుపునొప్పి వచ్చింది. కారణం కారం కాదని ఆయన భార్య తుమీనాకి తెలుసు.

*

పోనిమిన్ తన పద్ధతి దాచుకుని ఉంటే మార్గియోనో కొంత మనశ్శాంతిగా ఉండేవాడు. దాచుకునేవాణ్ణి తిట్టుకోవచ్చు. అతను రైతుసంఘం కూటంలో, అందరిముందూ, పూసగుచ్చినట్టు చెప్పాడు.

"వెదురు వేళ్ళు తవ్వి తెచ్చుకోవాలి. మట్టి అంటుకుని ఉంటేనే మంచిది. కాచి చల్లార్చిన నీళ్ళలో మూడు నాలుగు రోజులు నాననివ్వాలి. విడిగా తవుడు, తాటిబెల్లం, కాస్త రొయ్యల ముద్ద, చిటికెడు సున్నం వేసి జావ కాచుకోవాలి. అది పూర్తిగా చల్లారాక ఆ వేళ్ళ నీళ్ళు అందులో పొయ్యాలి. మూత పెట్టి రోజూ ఓసారి కలపాలి. పులిసిన వాసన వస్తే అయినట్టే. బిందెడు నీళ్ళకి గ్లాసుడు కలిపి మొక్కల మొదట్లో పొయ్యడమే."

"అంతేనా దిక్?" అన్నాడు మార్గియోనో. దిక్ అంటే తమ్ముడు. ఆయన ఆ మాట ఎప్పుడూ కాస్త ఒత్తి పలికేవాడు.

"అంతే కాంగ్. వెదురు వేళ్ళ చుట్టూ మంచి బాక్టీరియా ఉంటాయంట. మిరప వేళ్ళ దగ్గరికి చేరిస్తే అక్కడే కాపురం పెడతాయంట. ఇక తెగులొస్తే దానికి కూర్చోడానికి చోటుండదు. చెట్టుకి తిండి కూడా అందిస్తాయంట. వ్యవసాయ శాఖ మేడం చెప్పారు."

"సరే. మరి చల్లారాకే ఎందుకు పొయ్యాలి?"

"వేడి మీద పోస్తే చచ్చిపోతాయి కదా కాంగ్, పాపం."

కూటంలో అందరూ నవ్వారు. మార్గియోనో కూడా నవ్వాడు. ఇంటికెళ్ళే దారిలో మాత్రం ఆయన బుర్ర చురుగ్గా పనిచేసింది. బుద్ధున్నవాడెవడూ అసలు రహస్యం పదిమందిలో చెప్పడు. చెప్పాడంటే అందులో ఒక మెలిక పెట్టే ఉంటాడు. ఆ మెలిక ఎక్కడ? ఏ మాట మరీ నొక్కి చెప్పాడో అక్కడ. చల్లారాక, చల్లారాక అని అన్నిసార్లు ఎందుకన్నట్టు? పైగా కంటికి కనపడని పురుగుల మీద పాపం, పుణ్యం! తోఫూ కార్ఖానాలో సోయా గింజలమీద లేని జాలి ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది?

"వాడు చల్లార్చమన్నాడంటే కాచమనే అర్థం" అని ఆయన తేల్చుకున్నాడు.

ఆయన ఇంట్లో వెదురు లేదు. పోనిమిన్ పెరట్లో ఉంది. పోనిమిన్‌ని అడగడమంటే ఇక బతకడం ఎందుకు? ఊరి స్మశానం పక్కన పెద్ద వెదురు పొద ఉంది. అందులో ఒంటినిండా వెంట్రుకలున్న పెద్దమనిషి ఒకాయన నివాసం ఉంటాడని ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. పొగాకు వాసన వస్తే ఆయన నిద్ర లేచినట్టు. మార్గియోనో ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు వెళ్ళి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఒక గంపెడు వేళ్ళు తవ్వుకొచ్చాడు.

తుమీనా గుమ్మంలోనే ఆపింది. ఆ ఊళ్ళో భర్తని పాక్నే అని, భార్యని బూనే అని పిలుస్తారు.

"పాక్నే, ఎక్కడివి అవి?"

"వెదురు వేళ్ళు."

"ఏ వెదురు?"

"వెదురు వెదురే కదా బూనే. అందులో కులాలున్నాయా?"

"ఆ నల్లమట్టి చూస్తే నాకు తెలీదనుకున్నావా? స్మశానం పొదవి! అడిగి తెచ్చావా?"

"ఎవర్ని అడగాలి?"

"ఎవర్నంటావేం? అందులో ఉండేవాళ్ళని!"

మార్గియోనో గంప కిందికి దించాడు. నిజానికి తవ్వుతున్నప్పుడు ఆయనకి పొగాకు వాసన వచ్చినట్టే అనిపించింది. అది తన చొక్కా జేబులో సిగరెట్లదే అయ్యుండొచ్చు. అయ్యుండకపోవచ్చు కూడా.

"చూడు" అంది తుమీనా, చేతులు నడుంమీద పెట్టుకుని. "ఆ వేళ్ళలో ఏముంటుందో అది ప్రాణంతో నా గడప దాటడానికి వీల్లేదు. ముందు బయట పొయ్యి మీద కాచు. తెర్లేదాకా కాచు. ఆ తర్వాతే లోపలికి."

ఆయన బుద్ధి చెప్పిందీ అదే, ఆవిడ భయం చెప్పిందీ అదే. ఆ దంపతులు ఒక మాట మీద నిలబడటం ఊళ్ళో ఎవరూ అంతకుముందు చూసి ఉండరు. వేళ్ళు, తవుడు, బెల్లం, రొయ్యల ముద్ద, సున్నం, అన్నీ ఒకే కాగులో పోసి పెరట్లో పెద్ద మంట మీద కాచారు. ఆ వాసనకి ఊళ్ళో పిల్లులన్నీ వచ్చి గోడెక్కి కూర్చున్నాయి. ఆ మధ్యాహ్నం ఆ కాగులో జరిగిన ప్రాణనష్టం గురించి ఏ పత్రికా రాయలేదు. దయ్యం సంగతి తెలీదుగానీ, మిగతావాళ్ళెవరూ బతికి బయటపడలేదు. పైగా తుమీనా జాగ్రత్తగల మనిషి. రోజూ పొద్దున్నే ఆ కాగుని మళ్ళీ ఓసారి తెర్లించేది. "ఏదైనా మిగిలి ఉంటే" అనేది.

వారం తర్వాత మార్గియోనో మూత తీసి చూశాడు. తేటగా, కాఫీరంగులో, వాసన లేకుండా ఉంది. పోనిమిన్ బకెట్ పక్కన నడిస్తే కళ్ళు మండుతాయి.

"చూశావా?" అన్నాడు గర్వంగా. "వాడిది కంపు. మనది శుభ్రం."

ఆ శుభ్రమైన నీళ్ళు ఆయన పొలమంతా పోశాడు.

*

పొద్దున్నే పొలానికి వెళ్ళడం మార్గియోనోకి అలవాటు. మంచు విడవకముందే వెళ్తే దిగువనున్న పోనిమిన్ చేను తీరిగ్గా చూసుకోవచ్చు. ఏ చెట్టు ఎంత ఎదిగింది, ఎక్కడైనా ఆకు ముడుచుకుందా, ఎక్కడా ముడుచుకోకపోతే ఎందుకు ముడుచుకోలేదు, ఇలాంటివి. అలా ఒకనాడు ఆయన తన క్యాబేజీ మడి వెనక గొంతుక్కూర్చుని ఉండగా, పోనిమిన్ నీళ్ళడబ్బా పట్టుకుని వచ్చాడు. తన చేలో పోసుకున్నాడు. తర్వాత అటూ ఇటూ చూసి గట్టు దాటాడు. మార్గియోనో పొలంలోకి వచ్చాడు. గట్టునానుకుని ఉన్న చివరి సాలులో, ఒక్కో మిరప చెట్టు మొదట్లో, కాస్త కాస్త పోసుకుంటూ వెళ్ళాడు. సాలు చివరికెళ్ళాక మార్గియోనో ఇంటివైపు తిరిగి, క్షమాపణ అడిగినట్టు తలవంచి, గట్టు దాటి వెళ్ళిపోయాడు.

మార్గియోనో మంచులో అలాగే కూర్చుండిపోయాడు. ఒళ్ళంతా వెచ్చగా అయింది. ఆయన జీవితంలో అంత సంతోషం కలిగిన ఉదయాలు తక్కువ.

"విషం!" అన్నాడు ఇంటికి పరిగెత్తుకొచ్చి. "బూనే, వాడు నా చేలో విషం పోస్తున్నాడు! కళ్ళారా చూశా! ఇన్నాళ్ళకి దొరికాడు!"

"వెళ్ళి అడుగు మరి."

"అడగడమా? పిచ్చిదానా, సాక్ష్యం కావద్దూ? ఆ సాలు చావనీ. చచ్చిన చెట్లని పీక్కెళ్ళి పండగనాడు నలుగురిముందు పడేస్తా. కాంగ్ కాంగ్ అంటాడుగా, అప్పుడు అనమను!"

"మన చెట్లు చావాలని చూస్తున్నావా పాక్నే?"

"ఒక్క సాలే."

ఆ రోజునుంచి మార్గియోనో తన నీళ్ళు ఆ ఒక్క సాలుకి పోయడం మానేశాడు. సాక్ష్యంలో కల్తీ ఉండకూడదు కదా. రోజూ నమాజు అయ్యాక ఆ సాలు దగ్గరికెళ్ళి నిలబడేవాడు. దేవుడు ఇంతమంది రైతుల మొరలు విన్నాడు. వానకోసం, ఎండకోసం, పురుగు పోవడంకోసం. నా పంట నాశనం చేసి పెట్టు స్వామీ అని అడిగినవాడు ఇతనొక్కడే అయ్యుంటాడు.

"ఇంకా చావలేదా?" అని ఒక చెట్టుని అడిగాడు ఒకనాడు. అది పూతకొచ్చింది.

తక్కిన పొలంలో మాత్రం ఆయన కోరిక తీరింది. తేటనీళ్ళు పోసిన సాళ్ళలో గొడుగులు మూసుకోవడం మొదలైంది. ముందు పైన మూల, తర్వాత మధ్యలో. ఆయన ఇంకాస్త ఎక్కువ పోశాడు. ఇంకాస్త ఎక్కువ మూసుకున్నాయి. గట్టుపక్క సాలు మాత్రం ముదురాకుపచ్చగా, కాండాలు బొటనవేలంత లావుగా, నిక్కపొడుచుకుని నిలబడింది. దాని కొమ్మలు తుంచి, తీగలు కట్టి, పుల్లలు సరిచేసింది మార్గియోనోనే. చావబోయే చెట్లకైనా కొమ్మ వంకరగా ఉంటే ఆయన వేళ్ళు ఊరుకోవు. కాయలు దిగాయి. పొడుగ్గా, గీత గీసినట్టు సూటిగా.

"విషం బాగా పనిచేస్తున్నట్టుంది" అంది తుమీనా, నీళ్ళబిందె దించుకుంటూ.

*

సాపర్ పండగ ముందురోజు కర్సియెమ్ అవ్వ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. వెనకాల సగం ఊరు. ముందు పోనిమిన్ చేలో తిరిగింది. బాగుంది, బాగుంది అంటూ కర్రతో ఆకులు పక్కకి తోసి చూసింది. కాయల బరువుకి చెట్లు వంగి ఉన్నాయి. కాయలు కూడా కాస్త వంగే ఉన్నాయి. పోనిమిన్‌కి కొమ్మలు తుంచాలంటే మనసొప్పదు.

ఆవిడ గట్టెక్కింది. అవతల మార్గియోనోది. ఎండిపోయిన పొలం మొత్తం ఊరిముందు పరుచుకుని ఉంది.

"ఏం నాయనా మార్గియోనో, చేనంతా పడుకోబెట్టావ్? జోలపాట కూడా పాడావా?" అంది అవ్వ.

ఎవరో కిసుక్కున నవ్వారు. అవ్వ ఒకడుగు వేసి ఆగింది. గట్టుపక్క సాలులో ఒక కొమ్మ కింద కర్ర పెట్టి పైకెత్తింది. ఎండలో ఆ కాయ మెరిసింది. తొడిమ పచ్చగా, ఒళ్ళు ఎర్రగా, చివర సన్నగా.

"ఇదిగో. ఇది" అంది.

ఊరంతా ఒక్కసారి హోరుమంది. "మళ్ళీ నీదే కాంగ్!" "చెయ్యంటే చెయ్యి!" అని వీపులు తట్టారు. మార్గియోనో నవ్వాలో వద్దో తెలీక నోరు తెరిచి నిలబడ్డాడు. జనంలోంచి పోనిమిన్ ముందుకొచ్చి రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"చాలా సంతోషంగా ఉంది కాంగ్" అన్నాడు.

ఆ గొంతులో వెటకారం ఈసారి కూడా దొరకలేదు.

ఆ సాయంత్రం మార్గియోనో పోనిమిన్ ఇంటికి వెళ్ళాడు. కొండమీది ఇళ్ళలో అయినవాళ్ళని వంటింట్లో పొయ్యి చుట్టూ కూర్చోబెడతారు. పోనిమిన్ పీట వేశాడు, ఉడికించిన చేమదుంపలు పెట్టాడు, కాఫీ ఇచ్చాడు. మార్గియోనో దుంప ఒలుస్తూ అడిగాడు.

"దిక్, నా కింది సాలుకి ఏం పోస్తున్నావ్?"

పోనిమిన్ మొహం పొయ్యిలో నిప్పుకంటే ఎర్రబడింది.

"చూశారా కాంగ్? తప్పయిపోయింది, క్షమించండి. మీ పొలం పైన, నాది కింద. వాన పడితే మీ... మీ నీళ్ళు నా చేలోకే దిగుతాయి కదా."

"దిగితే?"

"నీళ్ళతోపాటు ఇంకేమైనా కూడా..." పోనిమిన్ కాఫీగ్లాసు గుండ్రంగా తిప్పాడు. తెగులు అనే మాట అతని నోటికి రావడం లేదు. "గోడ కట్టలేను. అందుకని మీ చివరి సాలుకి మా వెదురు నీళ్ళు పోశాను. అక్కడ మంచివి కాపురముంటే, దిగొచ్చేవి కాస్త తగ్గుతాయేమోనని."

"నన్ను అడగొచ్చుగా?"

"ఎలా అడుగుతాను కాంగ్? అడిగితే మీ పొలానికి జబ్బుందని మొహంమీద అన్నట్టు కాదూ?"

మార్గియోనో దుంప నోట్లో పెట్టుకున్నాడు. ఎన్నో రోజులుగా పెంచి పోషించుకున్న విషం కాస్తా కళ్ళముందే ఆవిరైపోయింది. ఇంత నష్టం ఆయనకి తెగులు కూడా చెయ్యలేదు.

"మీరూ చేశారని విన్నాను" అన్నాడు పోనిమిన్ మెల్లిగా. "వాసన ఎలా వచ్చింది కాంగ్?"

"అసలు రాలేదు. శుభ్రంగా ఉంది."

పొయ్యిలో పుల్ల చిటపటలాడింది.

"కాంగ్... కాచారా?"

"నేను కాదు. మా ఆవిడ" అన్నాడు మార్గియోనో. ఆ తర్వాత నిజం పూర్తిగా చెప్పాలనిపించి, "రోజూ" అన్నాడు.

పోనిమిన్ నవ్వలేదు. కాఫీగ్లాసు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తాగాడు. గ్లాసులో కాఫీ అయిపోయి చాలాసేపైంది.

"నేనన్నాను కదా కాంగ్, వేడికి చచ్చిపోతాయని."

"అన్నావు. నువ్వన్నావనే కాచాను."

పోనిమిన్‌కి ఈ మాట అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలంటే నలభై ఏళ్ళ సాధన కావాలి. అతను దుంపల పళ్ళెం ముందుకి జరిపి అన్నాడు:

"రేపు నా పేరు ఎత్తకండి కాంగ్. చెట్టు మీది, మట్టి మీది, కొమ్మలు తుంచింది మీరు. నేను పోసింది నాలుగు చెంబుల నీళ్ళు. అందరిలో చెప్తే నాకు సిగ్గుగా ఉంటుంది."

ఇంటికి నడుస్తూ మార్గియోనో ఆ మాటనే తిరగేసి చూశాడు. ఎత్తకండి అన్నాడు. అంటే కిరీటం నాకు దానం చేశాడు. రేపు నేను శిఖరంమీద కాయ గుచ్చుతాను. అందరూ నన్ను పొగుడుతారు. వాడు జనంలో ఓ మూల నిలబడి, చెప్పకుండా, లోపల్లోపల గొప్పవాడిగా ఉంటాడు. ఊళ్ళో వాళ్ళకి తెలిసిన గొప్పతనాన్ని భరించవచ్చు. ఎవరికీ తెలియని గొప్పతనం, తనొక్కడికే తెలిసిన గొప్పతనం, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి?

"ఛస్తే సాగనివ్వను" అనుకున్నాడు మార్గియోనో.

*

మర్నాడు ఊరిపెద్ద ఇంటి వాకిట్లో అన్నపు కొండ పొగలు కక్కుతోంది. చుట్టూ చాపలు, చాపల మీద ఊరు. మార్గియోనో కొత్త టోపీ పెట్టుకుని, మిరపకాయ రెండు వేళ్ళతో పట్టుకుని నిలబడ్డాడు. పన్నునొప్పి ఉన్నవాడిలా మొహం పెట్టాడు.

"కాయ నాది" అన్నాడు. కాస్త ఆగాడు. "నీళ్ళు పోనిమిన్‌వి."

ఎవరికీ అర్థం కాలేదు. దాంతో ఆయన మొత్తం చెప్పవలసి వచ్చింది. వెదురు నీళ్ళు, గట్టు, చివరి సాలు. విషం అనుకున్న సంగతి చెప్పలేదు. అది సొంత విషయం. కాచిన సంగతి చెప్పబోతుంటే ఆడవాళ్ళ చాప మీంచి తుమీనా చూసిన చూపుకి, "మా నీళ్ళలో చిన్న లోపం జరిగింది" అని ముగించాడు.

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత ఎవరో, "అయితే ఈ కాయ ఎవరిదన్నట్టు?" అన్నారు. ఇద్దరు ముగ్గురు పోనిమిన్‌దే అన్నారు. ఒకాయన సగం సగం అన్నాడు. ఒకాయన ఆ మంచి బాక్టీరియాది అన్నాడు. పండగనాడు వాదన పెరిగేలా ఉంది.

"నోళ్ళు ముయ్యండి" అంది కర్సియెమ్ అవ్వ. "నేను చూసింది కాయని. దాని చుట్టాలందర్నీ కాదు. గుచ్చు నాయనా, అన్నం చల్లారిపోతోంది."

మార్గియోనో గుచ్చాడు.

ప్రార్థన అయ్యాక జనం ఆయన చుట్టూ మూగారు. ఈసారి కాయ గురించి ఎవరూ మాట్లాడలేదు. "ఎవరు చెప్తారు కాంగ్ ఇలాగ!" "నేనైతే దాచేసేవాణ్ణి, ఒట్టు!" "మనిషంటే ఇలా ఉండాలి!" అన్నారు. ఒక ముసలాయన ఆయన్ని కౌగిలించుకుని కళ్ళు తుడుచుకున్నాడు. మార్గియోనో ఆ భుజం మీంచి అవతలికి చూశాడు. అక్కడ పోనిమిన్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. నవ్వుతూనే ఉన్నాడు. కానీ ఆ నవ్వు చివర, పెదవి మూల, చిన్న ముడి పడింది. చూపు ముసలాయన కౌగిలి మీద ఆగి, పక్కకి జరిగి, మళ్ళీ వచ్చి అక్కడే ఆగింది.

వేరే ఎవరైనా అయితే గమనించేవారు కాదు. మార్గియోనో ఆ విద్యలో పండినవాడు. ఒక్క చూపులో పోల్చుకున్నాడు.

ఆ రోజు ఆయన పోనిమిన్ ఇంట్లో మూడుసార్లు వడ్డించుకున్నాడు. కడుపునొప్పి రాలేదు.

*

తర్వాతి పంటకి తుమీనా తనే స్మశానం పొద దగ్గరికెళ్ళి, అరిటాకులో పూలు, ఓ సిగరెట్టు పెట్టి, ఎవరినో మర్యాదగా అడిగి, వేళ్ళు తెచ్చుకుంది. "ఈసారి చుట్టాలుగా రండి, ఉండండి" అని గడప లోపలికి పిలిచింది. కాగు చల్లారేదాకా దాని పక్కనే విసనకర్రతో కూర్చుంది.

మార్గియోనో ఆ నీళ్ళు తన పొలమంతా పోశాడు. మిగిలింది డబ్బాలో పోసుకుని, తెల్లారకముందే గట్టు దాటి, పోనిమిన్ పై సాలుకి పోయడం మొదలుపెట్టాడు. దిగువ పొలం నుంచి ఎగువకి ఏ తెగులూ ఎక్కిరాదు కదా, ఆ అవసరం ఉందో లేదో ఆయన ఆలోచించలేదు. పొరుగువాడి చేలో పోసే గొప్పతనం వాడొక్కడి సొత్తు కాకూడదు, అంతే.

సాలు సగంలో ఉండగా మంచులోంచి ఇంకో నీళ్ళడబ్బా వచ్చింది. పోనిమిన్. అతను అప్పటికే మార్గియోనో కింది సాలు పూర్తిచేసి వస్తున్నాడు.

"అయ్యో కాంగ్, మీకెందుకు శ్రమ?"

"శ్రమేముంది దిక్? నువ్వు పొయ్యలేదూ?"

"అది వేరు కాంగ్. మీరు పెద్దవారు."

"అందుకే. పెద్దవాణ్ణి కదా."

పోనిమిన్ డబ్బా గట్టుమీద పెట్టి చేతులు దులుపుకున్నాడు. మార్గియోనో కూడా తన డబ్బా దాని పక్కనే పెట్టాడు. పోనిమిన్ అటు తిరిగి తన చెట్ల ఆకులు చూసుకుంటుండగా, మార్గియోనో మెల్లిగా వంగి, ముందు తన డబ్బా మీద ముక్కు పెట్టి పీల్చాడు. తర్వాత పోనిమిన్ డబ్బా మీద పీల్చాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంకా వాడిదే ఎక్కువ కంపు కొడుతోంది.